లక్ష్మీనార గారికి నమస్కారం

తెలుగు లిపికి బరువెక్కువ, ఒప్పుకోక తప్పదు. కంప్యూటర్ పాపం 1963లో ఇంగ్లీషుకే సరిపోయే ఆస్కీ అనే 128 గళ్ల ఇంట్లో కాపురం పెట్టుకుంది. అక్కడికి మనం గుడులు, కొమ్ములు, ఒత్తులు మూట కట్టుకుని పెళ్లివారిలా దిగాం. సర్దుకోవాల్సింది ఎవరు? వచ్చినవాళ్లే కదా!

'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యంత్రానికి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: మొత్తం నాలుగు. యూటీఎఫ్-8లో, అంటే అక్షరాల్ని బైట్లుగా దాచుకునే పద్ధతిలో, ఒక్కోటి 3 బైట్లు, వెరసి 12. లక్ష్మీనారాయణ గారైతే 13 గుర్తులు, 39 బైట్లు. పేరుకు 30 బైట్లు చాలనుకున్న డేటాబేస్ కోసం కత్తిరిస్తే 'లక్ష్మీనార' మిగులుతుంది. నారాయణుడు పోయినా నార దక్కింది. 29 దగ్గర కోస్తే అదీ లేదు, 'ర' నడుమ తెగి నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం మొలుస్తుంది.

ఇంటర్వ్యూలో మాటను తిరగేయమంటారు. మాదాపూర్‌లో ఏ కుర్రాడైనా ఆ కోడ్ నిద్రలో రాస్తాడు. దానికి 'రామ' ఇచ్చి చూడండి, 'మరా' రాదు, 'మార' వస్తుంది. దీర్ఘం విడి గుర్తు కనుక నడుమ ఉన్నచోటే ఉండి, కొత్తగా ముందుకొచ్చిన 'మ'ను పట్టుకుంటుంది. రామనామం తిరగేస్తే మన్మథుడు ప్రత్యక్షం! గ్రాఫీమ్ క్లస్టర్లుగా, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనిపించే గుత్తులుగా, విడగొట్టి తిప్పాలి. జావాస్క్రిప్ట్‌లో ఆ విడగొట్టే పనిముట్టు Intl.Segmenter ఉన్నది అందుకే. పాత వెర్షన్లయితే పొల్లు దగ్గర విరిచేస్తాయి. ఒత్తు తన అక్షరాన్ని వదిలి ఉండదన్న రహస్యం ప్రపంచ లిపులకు గుర్తులిచ్చే యూనికోడ్ నియమాల్లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో ఎక్కింది. ఒకటో తరగతి పంతులమ్మను ఎవరూ అడగలేదు.

మన ఊరి సంగతి ఇంకా చిత్రం. 'హైదరాబాద్'లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచొచ్చు, రెండు ముక్కలుగానూ దాచొచ్చు. తెర మీద తేడా కనబడదు. పోల్చమంటే మాత్రం రెండూ వేరంటుంది యంత్రం. పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేర్లను ముక్కలు చేసి దాచేవి. అక్కడి నుంచి వచ్చిన హైదరాబాద్‌ను సర్వర్లో హైదరాబాద్ అని వెతికితే దొరకదు. జంటనగరాలంటే ఇవేనేమో. పోల్చేముందు రెంటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే, ముక్కల్ని కలిపేసే రూపంలోకి మార్చాలి, ఒక్క లైను పని. ఆ లైనుకి టీమ్ పని విడతల్లో, ఏ స్ప్రింట్‌లోనూ చోటుండదు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా', లోపల అక్షరాల్ని అతకనివ్వని, కంటికి కనిపించని నాన్‌జాయినర్‌తో కలిసి, ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా ఊరట లేదు. జ్ఞానం అందరూ మోయలేరు మరి.

కోడ్ రాసింది లక్ష్మీనారాయణ, రివ్యూ చేసింది వెంకటేశ్వర్లు, టెస్ట్ డేటాలో పేరు ఇంగ్లీషువాళ్ల ఉత్తుత్తి మనిషి జాన్ డో. అన్నీ పాస్. తెలుగు పేరు తెగిందని బగ్ వేస్తే 'ఎడ్జ్ కేస్', ఎక్కడో అంచున అరుదుగా వచ్చేది, అని మూసేస్తారు. 2011 జనగణన ప్రకారం ఆ అంచు మీద నిలబడ్డ తెలుగువాళ్లు దేశంలో 8.11 కోట్లు. జరగాలి, జరగాలి, ఫుట్‌బోర్డు మీదున్నవాళ్లు లోపలికి జరగాలి.