కుర్సురాలో పాలకోవా

మా బుజ్జిగాడికి ఏడాదిన్నర. పోయిన నెల విరేచనాలు పట్టుకుని పది రోజులైనా వదల్లేదు. పాలు తాగిన కాసేపటికి పొట్ట తబలాలా బిగుసుకోవడం, ఆ తర్వాత పుల్లటి వాసనతో నీళ్లలా... భోంచేస్తూ చదివేవాళ్లు కూడా ఉంటారు, ఇక్కడితో ఆపుతాను.

పిల్లల డాక్టరుగారు నిదానంగా చెప్పారు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైమ్ చిన్నపేగు లోపలి పొరలో తయారవుతుంది. విరేచనాలకి ఆ పొర దెబ్బతింది. అరగని చక్కెర పెద్దపేగులోకి దిగితే అక్కడి సూక్ష్మజీవులకి పండగ. విందు వాటిది, గ్యాస్ మావాడిది, జాగారం మాది. "ఇది పాల ఎలర్జీ కాదు, కంగారు పడకండి. పొర మళ్లీ కుదుటపడేదాకా కొన్నాళ్లు పాలు ఆపండి. పెరుగు కొద్దికొద్దిగా పెట్టొచ్చు, తోడుకునేటప్పుడే లాక్టోజ్ కొంత తగ్గుతుంది" అన్నారు.

ఇంటికి రాగానే మా ఆవిడ చట్టం చేసేసింది. ఆవుపాలు బంద్, గేదెపాలు బంద్.

"మేకపాలో?" అంది మా అమ్మ.

"వాటిలోనూ అదే ఉంటుందత్తయ్యా."

"కొబ్బరిపాలు?"

"అవి పాలు కావు."

"మరి పాలంటారేటి?"

అమ్మది మాడుగుల. మనవడి కోసం హల్వా తెచ్చింది. మాడుగుల హల్వా చేసేది గోధుమ పాలతో. ఆ 'పాలు' అన్న మాట అమ్మ నోటి నుంచి జారడమే ఆలస్యం, డబ్బా అటకెక్కింది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండితే వచ్చేవే ఆ పాలు, నెయ్యి తప్ప గోమాతకి అందులో వాటా లేదని చెబుదామనుకున్నాను. కానీ అత్తాకోడళ్ల మధ్య దూరి వ్యాకరణం చెప్పి బాగుపడ్డవాణ్ణి నేను చూడలేదు.

వారం రోజులు రాగిజావతో గడిచాయి. వాడు తేరుకున్నాడు. ఆదివారం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. మా ఆవిడ ఫొటోల్లో ఉండగా నేను జేబులోంచి పాలకోవా తీశాను. ఆఫీసులో ఎవరికో ప్రమోషనొస్తే పంచిందిలెండి. పంక్తిలో విస్తరి వేసి వడ్డన మరిచిపోయినట్టు చూశాడు వాడు. చిటికెడు పెట్టాను. ఇంకో చిటికెడు. మూడోసారి చూసుకుంటే బిళ్ల లేదు. పాలు ఇగిరి కోవా అయ్యేటప్పుడు పోయేది నీళ్లే గానీ లాక్టోజ్ కాదని అప్పుడు గుర్తొస్తే ఈ కథే లేదు.

అక్కడి నుంచి సబ్‌మెరైన్ చూద్దామన్నారు. అమ్మ మెట్లెక్కలేనని ముంత మసాలా పట్టుకుని కిందే కూర్చుంది. ఐఎన్‌ఎస్ కుర్సురా 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది, 2001లో రిటైరైంది, పొడవు 91 మీటర్లు. గైడ్ ఇవన్నీ చెబుతున్నాడు. నాకు పనికొచ్చిన సంగతి ఒక్కటే: ఈ కొసన ఎక్కితే ఆ కొసనే దిగాలి. ముందు పదిమంది, వెనక ఇరవైమంది. మధ్యలో గుండ్రటి తలుపులు, కాలెత్తి వంగి దూరాలి.

"టార్పెడోలు ఇక్కడి నుంచే పేల్చేవారు" అన్నాడు గైడ్. సరిగ్గా అప్పుడే మావాడూ పేల్చాడు.

డైపర్ ఉంది. కానీ డైపరుకీ ఒక హద్దుంటుంది. రెండో తలుపు దాటేసరికి హద్దు దాటి నా చొక్కా మీదకి వచ్చేసింది. వెనకాయన ముక్కు మూసుకుని, "ఇంజిన్ వాసనాండీ?" అని అడిగాడు.

"మా ఇంజిన్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది సార్" అన్నాడు గైడ్, కాస్త నొచ్చుకుంటూ.

ఆ మాటతో ముందున్న పదిమందీ తిరిగి నన్ను చూశారు. అంత ఇరుకులోనూ గోడలకి బల్లుల్లా అతుక్కుని దారిచ్చేశారు. మిగిలిన యుద్ధనౌకంతా పరుగులోనే చూశాను.

కిందకి దిగీ దిగగానే మా ఆవిడ, "అత్తయ్యా, వీడికేం పెట్టారు?" అంది.

అమ్మ ఏమీ అనలేదు. ముంత పక్కన పెట్టింది. మనవడి మూతి తుడిచి వేలు వాసన చూసుకుంది. తర్వాత నా జేబులోంచి తొంగిచూస్తున్న కోవా కాగితం వైపు చూసింది.

"నాది గోధుమ పాలని అటకెక్కించేశారు. నీదేటి నాయినా, ఏ పాలు?"