వానలో ఆగిపోని బండితోనే చిక్కు

అమీర్‌పేట మైత్రీవనం దగ్గరో ఖైరతాబాద్‌లోనో గంటసేపు వాన దంచిందంటే పెట్రోల్ స్కూటర్లు ఒక్కొక్కటిగా రోడ్డు పక్కకు చేరతాయి. ఎయిర్ ఫిల్టర్‌లోకి నీళ్లు పోతే ఇంజిన్ ఊపిరాడక ఆగిపోతుంది. అదే నీళ్లలోంచి ఎలక్ట్రిక్ స్కూటర్ దర్జాగా దాటిపోతుంది. మోటారుకు గాలితో పనిలేదు, పొగగొట్టం అసలే లేదు. చూసేవాళ్లకు ఇది కరెంటు బండి గొప్పతనంలా కనిపిస్తుంది కానీ, వానాకాలంలో దాంతో వచ్చే తంటా అంతా ఇక్కడే మొదలవుతుంది. పెట్రోల్ బండి తన హద్దు తానే చెప్పేస్తుంది. ఇది చెప్పదు. ఇవాళ తాగిన నీళ్లకు లెక్క పది రోజుల తర్వాత, ఎండ కాస్తున్న పూట అప్పజెబుతుంది.

ముందు అక్కర్లేని భయాలు రెండు పక్కన పెడదాం. మన రోడ్ల మీద తిరిగే స్కూటర్లలో చాలావాటి బ్యాటరీ 48 నుంచి 52 వోల్టుల డీసీ. 60 వోల్టుల లోపు డీసీని భద్రతా ప్రమాణాలు తక్కువ ప్రమాదమున్న తరగతిలోనే ఉంచుతాయి. కాబట్టి నడుపుతూ తడిసినందుకు ప్రాణాపాయమయ్యే షాక్ తగలడం దాదాపు జరగని పని. ఇక చలికి రేంజ్ (ఒక్క చార్జితో నడిచే దూరం) పడిపోతుందన్న విదేశీ వీడియోల మాట హైదరాబాద్ వానలకు వర్తించదు. 22 నుంచి 30 డిగ్రీల వేడి లిథియం సెల్స్‌కు హాయిగా ఉంటుంది. వాటిని తినేసేది మే నెల ఎండ.

షోరూముల్లో వినిపించే మంత్రం 'ఐపీ67', అంటే బ్యాటరీ దుమ్మునూ నీళ్లనూ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే రేటింగ్. ఇందులో 6 దుమ్ము చొరబడదని, 7 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా తట్టుకుంటుందని. మంచి మాటే, కానీ ఆ పరీక్ష జరిగేది కదలని మంచినీళ్లలో, కొత్త బ్యాటరీ ప్యాక్‌తో. పైగా నీళ్ల వేడికీ ప్యాక్ వేడికీ మధ్య తేడా 5 డిగ్రీలు మించకూడదన్నది పరీక్ష నియమం. రోడ్డు మీద ఏం జరుగుతుందో చూడండి. ఆఫీసు నుంచి 15 కిలోమీటర్లు వచ్చేసరికి ప్యాక్ 45 డిగ్రీలకు చేరిందనుకుందాం. అది 25 డిగ్రీల వరద నీళ్లలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. లోపలి గాలి ఆ మేరకు చల్లబడితే దాని పీడనం సుమారు 6 శాతం పడిపోతుంది. అంటే ప్యాక్ మీద అదనంగా 60 సెంటీమీటర్ల నీళ్లు నిలిచినట్టే లెక్క. ఈ తేడాను సమం చేయడానికే ప్యాక్‌కు చిన్న బ్రీదర్ వాల్వ్ ఉంటుంది. దాని పొర గాలిని పోనిస్తుంది, నీటిని ఆపుతుంది. పొర బురదతో పూడుకుపోతే మాత్రం మూడేళ్ల పాత గ్యాస్కెట్ (మూత అంచున ఉండే సీలు) సందుల్లోంచి తడి లోపలికి లాక్కుంటుంది.

అయినా ముందుగా పాడయ్యేది బ్యాటరీ కాదు. 2022లో వరసగా జరిగిన అగ్నిప్రమాదాల తర్వాత బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలు బిగిశాయి, ప్యాక్‌లు గట్టిపడ్డాయి. దెబ్బతినేది కనెక్టర్లు. మురికి నీళ్లు చేరిన రాగి పిన్నుకు డీసీ కరెంటు తోడైతే చిలుము పట్టడానికి ఎంతో కాలం పట్టదు. విప్పి చూస్తే పిన్ను మొదట్లో ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. సైడ్ స్టాండ్ సెన్సర్ తడిస్తే స్టాండ్ దించే ఉందనుకుని బండి మోటారును ఆపేస్తుంది. బ్రేక్ లివర్ స్విచ్ తడిసినా అంతే. మోటారు కాలిపోయిందని టోయింగ్ వ్యాన్‌ను పిలిచిన సందర్భాల్లోనూ తప్పు ఈ చిన్న స్విచ్‌లదే కావచ్చు. జూన్‌కు ముందే సర్వీసులో కనెక్టర్లను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిపించి తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూయించుకోవడం తేలికైన పని. జాబ్ కార్డులో మీరు అడిగి రాయించుకుంటే తప్ప చాలాచోట్ల చెయ్యరు.

మోటారు వెనక చక్రంలోనే ఉండే హబ్ మోటారు బండ్లకు లోతు లెక్క ఇంకాస్త కఠినం. 90/90-12 టైరు ఉన్న చక్రం మొత్తం ఎత్తు సుమారు 47 సెంటీమీటర్లు, అంటే ఇరుసు నేలకు 23 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మోటారు వైర్లు లోపలికి వెళ్లేది ఆ ఇరుసు పక్కనుంచే. ముందు వెళ్తున్న బండి చక్రం సగం మునిగిందంటే వెనక్కి తిరగడమే మేలు.

బ్రేకుల సంగతి వేరు. యాక్సిలరేటర్ వదలగానే పనిచేసే రీజెన్ (మోటారే బ్రేకులా పట్టి, ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపే ఏర్పాటు) వెనక చక్రం ఒక్కదాన్నే పట్టుకుంటుంది. తొలి వాన పడిన పావుగంటలో నూనె తేలిన రోడ్డు మీద, ఫ్లైఓవర్ ఇనుప జాయింట్ల మీద, జీబ్రా గీతల మీద యాక్సిలరేటర్‌ను ఠక్కున వదిలితే వెనక చక్రం జారుతుంది. వాన పడుతున్నంతసేపూ ఎకో మోడ్, సెట్టింగ్ ఉంటే తక్కువ రీజెన్. రోజూ రీజెన్‌తోనే నెట్టుకొచ్చేవాళ్ల డిస్క్ మీద తుప్పు పొర కడుతుంది కాబట్టి నీళ్లు దాటాక రెండు బ్రేకులూ మెల్లగా నొక్కుతూ కొంతదూరం నడపాలి.

అసలు ప్రమాదం 230 వోల్టుల దగ్గర, అపార్ట్‌మెంట్ సెల్లార్లో. నీళ్లు ముందుగా చేరేది అక్కడే, చార్జింగ్ సాకెట్లూ అక్కడే. పై అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడదీసేవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్, నాలుగడుగుల ఎత్తున. దానికి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడటం. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అంటారు, అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. చార్జర్ వైరు సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. అప్పుడు కారిన నీళ్లు వంపు దగ్గరే రాలిపోతాయి. చార్జింగ్ పోర్టును పొడిగుడ్డతో తుడిచి, అరగంట ఆగి పెట్టడం మంచిది.

బురద పోవాలని వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే వరద చేయని పని వాళ్ల గన్ను చేస్తుంది. మీటరు లోతు నీళ్ల పీడనం 0.1 బార్. ప్రెషర్ వాషర్‌ది 100 బార్ల దాకా ఉంటుంది. బకెట్టు, మగ్గు, తడిగుడ్డ చాలు.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలా మునిగిన కరెంటు బండిని ఆన్ చేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి సర్వీసువాళ్లకు చెప్పాలి. బీమాలో థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం లోపు బండ్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు, వాటిలో చాలావాటికి ఏ పాలసీ ఉండదు. సమగ్ర పాలసీ ఉన్నవాళ్లు మునిగిన బండిని ముందు ఫొటో తీయాలి, తాళం జోలికి పోకూడదు. యాప్‌తో నడిచే స్కూటర్లలో బండిని ఏ రోజు, ఏ గంటకు ఆన్ చేశారో లాగ్‌లో ఉంటుంది. యజమానికి ఏమీ చెప్పని బండి నష్టం అంచనా వేసే బీమా సర్వేయరుకు మాత్రం అన్నీ చెబుతుంది.