తేలిక బ్యాగుకు కావలసినంత బరువు

ప్రయాణాల్లో ఫొటోలు తీసేవాళ్లు సామాను తగ్గించుకోవాలన్న విషయంలో రెండో మాట లేదు. పెద్దలంతా ఒప్పుకున్నదే. పేచీ అంతా, సామాను తగ్గించుకోవడానికి ఇంకా ఏమేం కొనాలన్న దగ్గరే. ఇంత ముఖ్యమైన విషయాన్ని గాలికొదిలేసి, జనం ఒక కెమెరా మెళ్లో వేసుకుని చేతులూపుకుంటూ కొండలెక్కేస్తుంటే చూడలేక ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తోంది.

ముందు సిద్ధాంతం అర్థం కావాలి. కెమెరాని నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, అదే ట్రైపాడ్, అందులో పీక్ డిజైన్ కంపెనీ వాళ్ల ట్రావెల్ ట్రైపాడ్‌నే తీసుకోండి. అల్యూమినియంది 1.56 కిలోలు, కార్బన్ ఫైబర్‌ది 1.27 కిలోలు. తేడా 290 గ్రాములు. బోలెడంత డబ్బు పోసి మిగుల్చుకున్న గ్రాములవి, వాటిని ఊరికే పోనిస్తామా? మిర్రర్‌లెస్ కెమెరా బ్యాటరీ ఒక్కోటి సుమారు 80 గ్రాములుంటుంది. మూడు స్పేర్ బ్యాటరీలు పెట్టుకున్నా ఇంకా 50 గ్రాములు మన ఖాతాలోనే ఉంటాయి. ఆ 50కి ఒక రిమోటు, ఒక స్పిరిట్ లెవెల్. బ్యాగు మొదట ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంది, కానీ ఇప్పుడది తేలిక బ్యాగు.

దీనికి కొందరు చరిత్ర తీసి అడ్డం పెడతారు. ఆస్కార్ బార్నాక్‌కి ఉబ్బసమట, గాజు పలకల కెమెరా మోయలేక చిన్న కెమెరా తయారు చేశాడట, అదే 1925లో లైకాగా బయటికొచ్చిందట. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్టియే-బ్రెసాన్ ఆ లైకాకి ఒక 50 ఎంఎం లెన్సు తగిలించుకుని దాదాపు జీవితమంతా గడిపేశాడట. నిజమే, కాదనను. కానీ మెరిసే భాగాలు కనపడకుండా ఆయన కెమెరాకి నల్ల టేపు చుట్టాడా లేదా? అది యాక్సెసరీ కాదా?

నాకు ఆదర్శం మాత్రం బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్. 1855లో క్రిమియా యుద్ధం ఫొటోలు తీయడానికి ఆయన ఒక వైన్ వ్యాపారి పాత బండిని చీకటిగదిగా మార్చుకుని, ఐదు కెమెరాలు, 700 గాజు పలకలు, ఇద్దరు సహాయకులతో బయల్దేరాడు. పలక మీద రసాయనం పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడగాల్సిన రోజులవి. బండి లేకపోతే ఫొటోనే లేదు. తర్వాత పలకలు పోయాయి, రసాయనాలు పోయాయి, గుర్రాలూ పోయాయి. బండి మాత్రం మన వీపు మీదికొచ్చింది.

ఇక ఫిల్టర్లు. ఇక్కడ తొందర పనికిరాదు. ఫిల్ముకి అతినీలలోహిత కిరణాల బెడద ఉండేది కాబట్టి యూవీ ఫిల్టర్ పుట్టింది. డిజిటల్ కెమెరాలో ఆ కిరణాలను ఆపే పొర, వెలుగుని పట్టే సెన్సర్ ముందే ఉంటుంది, ఫిల్టర్‌కి ఆ పని లేదు. పని లేదని ఇంట్లో కూర్చోబెడతామా? లెన్సుకి కాపలా పెట్టాం. రాత్రిపూట దీపాలను ఫొటో తీస్తే ఆ కాపలాదారు గాజులో దీపాలు ఇంకోసారి ప్రతిఫలించి దయ్యాల్లా తేలతాయి, అది వేరే సంగతి. లెన్సుని ఫిల్టర్ కాపాడుతుంది, సరే. ఫిల్టర్‌ని ఎవరు కాపాడాలి? హుడ్, అంటే లెన్సు మూతికి తగిలించే గొట్టంలాంటి తొడుగు. బాగానే ఉంది. కానీ మీకు రెండు లెన్సులు, ఒకదాని మూతి 67 మిల్లీమీటర్లు, రెండోదానిది 77. రెండింటికీ ఒకే ఫిల్టర్ సరిపెట్టి బరువు తగ్గించుకుందామని, చిన్న మూతికి పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసే స్టెప్-అప్ రింగు కొంటారు. రింగు బిగించాక చాలా లెన్సులకి హుడ్ పట్టదు. ఫిల్టర్ మళ్లీ అనాథ. పైగా ఎండకి, చెమట చేతికి, ఫిల్టరూ రింగూ ఒకదాన్నొకటి కరుచుకుని ఊడి రావు. అందుకు ఫిల్టర్ రెంచ్ కావాలి, అదీ జత, ఒకటి ఫిల్టర్‌ని పట్టుకోవడానికి, ఒకటి రింగుని. ఇంతకీ ఇదంతా ఎందుకు మొదలైందో గుర్తుందా? సెన్సర్‌కి అక్కర్లేని కిరణాలను ఆపడానికి.

పోలరైజర్ అనే ఫిల్టర్ గురించి మాత్రం ఎక్కువ మాట్లాడను. అది నిజంగా పనికొస్తుంది. నీటి మీద, ఆకుల మీద మెరుపుని అది కోసేసినట్టు తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కోయలేదు. సూర్యుడికి అడ్డంగా, 90 డిగ్రీల దిక్కున చూస్తే ఆకాశం బాగా ముదురుతుంది. ఒకటి రెండు స్టాపుల వెలుగు తింటుంది (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది), అంతే. ఇలా సూటిగా పనిచేసే వస్తువు మన వ్యాసానికి పెద్దగా ఉపయోగపడదు.

పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ అలా కాదు. పారే నీరు పాలలా పరుచుకున్నట్టు కనపడాలని లెన్సుకి పెట్టే నల్లద్దం అది. వెలుగుని వెయ్యో వంతుకి తగ్గిస్తుంది. సెకనులో 125వ వంతులో అయిపోవాల్సిన ఫొటో 8 సెకన్లు పడుతుంది. అంతసేపు కెమెరా కదలకూడదు కాబట్టి ట్రైపాడ్ తప్పనిసరి, అంటే ఒక ఫిల్టర్‌తో ఇంకో కిలోంబావు సమర్థించుకోవచ్చు. జలపాతం దగ్గర ఈ పూజ చూసి తీరాలి. మొదట కాళ్ల క్లిప్పులు ఒక్కోటీ టకటకా విప్పాలి. రాయి మీద ఒక కాలు నిలవదు, కుదించాలి. కెమెరా కింద ప్లేటు వదులుగా ఉంటుంది. దాన్ని బిగించే అలెన్ కీ బ్యాగు అడుగున, రెంచ్ జత కింద, సిలికా జెల్ పొట్లాల మధ్య ఉంటుంది. బ్యాగు నేల మీద పరిచి వెతుకుతుంటే ముందు వరసలోకి ఎవరో వచ్చి ఫోనుతో రెండు తీసుకుని వెళ్లిపోతారు. కీ దొరికింది. ఫిల్టర్ పెట్టకముందే ఫోకస్ చేసుకోవాలి, పెట్టాక చీకట్లో కెమెరా ఫోకస్ కోసం తడుముకుంటుంది. ఫిల్టర్ పెట్టేసరికి నీటి మీద పడుతున్న ఎండ ఎదురు కొండ ఎక్కేసింది. ఇప్పుడు ఎన్‌డీ అక్కర్లేదు, వెలుగు అదే తగ్గింది. విప్పాలి. రెంచ్ తీయండి.

ఇంత శాస్త్రం ఉండగా, స్పేర్ బ్యాటరీ ఒకటి, మెమరీ కార్డులు రెండు, మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి, మెడ కోసుకుపోని స్ట్రాప్ ఒకటి చాలనే వాళ్లున్నారు. వాళ్ల లెక్క చూస్తే టెన్షన్ వస్తుంది. రా ఫైలు, అంటే సెన్సర్ పట్టినదంతా దాచే ఫొటో ఫైలు, ఒక్కోటి 30 ఎంబీ అనుకున్నా 64 జీబీ కార్డులో రెండు వేల పైచిలుకు ఫొటోలు పడతాయంటారు. కొత్త కెమెరాలు చాలావరకు యూఎస్‌బీ-సీతోనే చార్జ్ అవుతాయి కాబట్టి ఫోను చార్జరే చాలంటారు. చలి గదిలోంచి ఉక్కలోకి వచ్చేటప్పుడు కెమెరాని జిప్ కవర్లో పెట్టి కాసేపు ఆగితే లెన్సుకి చెమ్మ పట్టదంటారు. అన్నీ నిజాలే. నిజాలన్నీ ఇలా జేబులో పట్టేస్తే ఇంత పెద్ద బ్యాగుకి ఏం సమాధానం చెప్పాలి?

విమానం దగ్గర మాత్రం జాగ్రత్త. స్పేర్ లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సామాన్లో పెట్టకూడదు, చేతి సామాన్లోనే ఉండాలి. బ్యాటరీలో పట్టే శక్తిని వాట్-అవర్లలో కొలుస్తారు. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా అనుమతి అడగక్కర్లేదు, 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకంటే 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. స్పేర్ బ్యాటరీల కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు అంటించాలి. ఇక్కడా టేపే, గమనించారా? దుమ్ము ఊదే స్ప్రే డబ్బా ఎక్కనివ్వరు. రబ్బరు బ్లోయర్ తీసుకెళ్లండి. నోటితో మాత్రం ఊదకండి, సెన్సర్ మీద ఉమ్మి పడుతుంది.

అసలు చిక్కు, చేతి సామానుకి చాలా సంస్థలు 7 కిలోలే ఇస్తాయి. మన తేలిక బ్యాగు దాన్ని ఎప్పుడో దాటేసింది. దీనికి విరుగుడు జేబుల కోటు. సాధారణంగా బ్యాగుని తూస్తారు గానీ మనిషిని తూయరు. పెద్ద లెన్సు ఎడమ జేబులో, బ్యాటరీలు కుడి జేబులో, చార్జర్ వెనక జేబులో పెట్టుకుని కౌంటర్ ముందు మామూలుగా ఊపిరి పీల్చడం ప్రాక్టీసు చేయాలి.

అయినా మిగిలిపోయే సామాను ఉంటుంది. ఫెంటన్ ఇద్దరు సహాయకులను ఊరికే తీసుకెళ్లలేదు. ఏ జాబితాలోనూ కనపడని అత్యవసర యాక్సెసరీ, తోడొచ్చే మనిషి. బ్యాటరీ అక్కర్లేదు, కేసు అక్కర్లేదు, రెండు చేతులుంటాయి. వాళ్లకీ ఒక కోటు కొనండి. సైజు మాత్రం ఒక నంబరు పెద్దది తీసుకోండి, ట్రైపాడ్ లోపలికి పట్టాలి.