ప్రాథమిక తరగతిలో బ్యాలే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రాథమిక పాఠశాలలో నాట్యం కూడా ఒక పాఠంగా ఉండాలని ఎవరన్నా వెంటనే రెండు అభ్యంతరాలు లేస్తాయి. ఐరోపా శాస్త్రీయ నాట్యమైన బ్యాలే అంటే ఏళ్ల తరబడి సాధన, చెక్క నేల, అద్దాల గోడలు కావాలి, ముప్పై మంది పిల్లలూ వాళ్ల బల్లలూ ఉన్న గదిలో అదెలా కుదురుతుందన్నది ఒకటి. పిల్లలు తమ కదలికలను తామే కూర్చుకునే సృజనాత్మక కదలిక అంటే వాళ్లని ఇష్టమొచ్చినట్టు గెంతనివ్వడమే కదా, దానికి ఆటల పీరియడ్ చాలదా అన్నది రెండోది. రెండింటిలోనూ నిజముంది. బ్యాలేను ఒక్కదాన్నే తెచ్చి పెడితే మొదటి అభ్యంతరం నిజమవుతుంది. సృజన పేరుతో ఏమీ నేర్పకపోతే రెండోది నిజమవుతుంది. అసలు చిక్కంతా వరసలో ఉంది. పిల్లలు ముందు తమ కదలికను గమనించి, దానికి పేర్లు పెట్టడం నేర్చుకోవాలి. బ్యాలే ఆ తర్వాత, కొద్దికొద్దిగా రావాలి.

బ్యాలే పిల్లల కోసం పుట్టిన కళ కాదు, రాజుగారి కొలువులో పెరిగినది. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1661లో నాట్య అకాడమీని స్థాపించాడు. పాదాల ఐదు స్థానాలను క్రమబద్ధం చేసిన ఘనత ఆయన కొలువులోని నాట్యాచార్యుడు పియర్ బోషాన్‌కు దక్కింది. అడుగుల పేర్లు ఈనాటికీ ఫ్రెంచిలోనే ఉండటం ఆ వారసత్వమే. ఇరవయ్యో శతాబ్దంలో నాట్య సిద్ధాంతకర్త రుడాల్ఫ్ లాబన్ (1879–1958) వేరే దారి పట్టాడు. ఒంట్లో ఏది కదులుతోంది, ఎటు కదులుతోంది, ఎంత బలంతో, ఎవరితో కలిసి అని అడిగాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండ్ బడుల్లో కదలిక పాఠాలు ఈ ప్రశ్నల మీదే నిలబడ్డాయి. ఇక న్యూయార్క్ సిటీ బ్యాలేలో ప్రధాన నర్తకుడైన జాక్ డాంబ్వాజ్ 1976లో నేషనల్ డాన్స్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించి, మామూలు బడిపిల్లల దగ్గరికి నాట్యాన్ని తీసుకెళ్లాడు. గొప్ప బ్యాలే నర్తకుడు బడికి వెళ్లినప్పుడు కూడా పిల్లల్ని బ్యాలే కళాకారులుగా మార్చాలని చూడలేదన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి.

వారానికి ఒక్క అరగంట పాఠం, మొత్తం పది వారాలు అనుకుందాం. మొదటి మూడు వారాల్లో బ్యాలే మాటే ఎత్తకూడదు. శరీరం, చోటు, శక్తి, కాలం అనే నాలుగు మాటలు చాలు. బల్లలు గోడకు జరపడం కూడా పాఠంలో భాగమే. చప్పుడు చేయకుండా జరపడం నేర్పితే మూడో వారానికి మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఒళ్లు వేడెక్కించడానికి, ఆరు ఒక భావనను వెతకడానికి, ఆరు ఒక అడుగు నేర్చుకోవడానికి, ఎనిమిది కూర్చి చూపించడానికి, చివరి మూడు ఊపిరి నెమ్మదించడానికి. అన్నింటికన్నా ముందు నేర్పాల్సింది ఆగడం. డప్పు మీద ఒక దెబ్బ పడగానే మూడు సెకన్లు బొమ్మలా నిలబడాలి. ఇది రాకుండా ముందుకు పోతే ఉపాధ్యాయుడు పాఠమంతా అరుస్తూనే గడపాల్సి వస్తుంది. సాక్సులతో మాత్రం చేయించకూడదు, నున్నటి నేల మీద జారిపడతారు. నేల శుభ్రంగా ఉంటే ఉత్త కాళ్లు మేలు, లేకపోతే జారని మెత్తటి బూట్లు.

ఎక్కువ తరగతులు దారి తప్పేది "మీ ఇష్టం వచ్చినట్టు ఆడండి" అన్న మాట దగ్గర. ఆ స్వేచ్ఛ పిల్లలకు అక్కరకు రాదు. కొందరు గుండ్రంగా పరుగెడతారు, కొందరు తెర మీద చూసిన అడుగులే వేస్తారు, సిగ్గరులు మూలకు చేరతారు. "చెట్టులా నిలబడండి" అన్నా అంతే, ముప్పై జతల చేతులు ఒకేలా పైకి లేస్తాయి. ఏమిటన్నది కాకుండా ఎలాగన్నది అడగాలి. కరగండి, మెలి తిరగండి, దూసుకెళ్లి ఆగండి. దానికో హద్దు కూడా పెట్టాలి: ఎనిమిది లెక్కల్లో, అంటే ఒకటి నుంచి ఎనిమిది వరకు లెక్కపెట్టేలోగా, ఒకసారి నేలకు దగ్గరగా రావాలి, ఒకసారి తిరగాలి, చివర కదలకుండా నిలవాలి. హద్దు ఉన్నప్పుడే పిల్లలు ఎంచుకోవడం మొదలుపెడతారు.

సృజనాత్మక కదలిక, బ్యాలే అనే ఈ రెండు దారులూ కలిసే చోటు ఎగరడం. నేల విడిచి మళ్లీ నేలకు రావడానికి పాదాలకు ఎన్ని పద్ధతులున్నాయో కనుక్కోమని పిల్లల్ని నలుగురేసి బృందాలుగా వదలాలి. కాసేపు తర్జనభర్జన పడి ఐదు తేలుస్తారు: రెండు కాళ్ల నుంచి రెండింటి మీదికి, ఒక కాలి నుంచి అదే కాలి మీదికి, ఒకదాని నుంచి రెండోదాని మీదికి, ఒకదాని నుంచి రెండింటి మీదికి, రెండింటి నుంచి ఒకదాని మీదికి. ఆరోది దొరకలేదంటే అది లేదు కాబట్టే. అప్పుడు బ్యాలే పేర్లు చెప్పాలి. మొదటిది సోతే, రెండోది తాన్ లెవే, మూడోది జెతే, నాలుగోది అసాంబ్లే, ఐదోది సిసోన్. తాము కనిపెట్టిన వాటికి మూడు వందల ఏళ్ల కళ పేర్లు పెట్టి ఉంచిందని తెలిసిన క్షణంలో బ్యాలే వాళ్లకు పరాయి విద్యలా కనిపించదు. అదే ఐదు పేర్లను మొదటి రోజే నల్లబల్లమీద రాసి బట్టీ పట్టిస్తే అవి కేవలం నోరు తిరగని మాటలు.

దిగడాన్ని మాత్రం వాళ్లకే వదలకూడదు. ముందు వేళ్లు, తర్వాత ముంగాలు, ఆపైన మడమ నేలకు ఆనాలి, ఆనుతూనే మోకాళ్లు వంగాలి. ఇంత వివరం పిల్లలకు చెప్పనక్కర్లేదు, "చప్పుడు కాకుండా దిగండి" అంటే శరీరం తానే సర్దుకుంటుంది. కింద సిమెంటో బండలో ఉంటే పాఠానికి పదహారు గెంతులు మించనివ్వకపోవడమే క్షేమం, అవి కూడా నాలుగేసి చొప్పున, మధ్యలో విరామంతో.

మోకాళ్లు వంచడాన్నే బ్యాలేలో ప్లియే అంటారు. కుర్చీ వీపు పట్టుకుని నాలుగు లెక్కల్లో వంగి, నాలుగు లెక్కల్లో లేవాలి. మడమలు లేపడం, మోకాళ్లు లోపలికి వాలడం, పిరుదులు వెనక్కి పోవడం సాధారణంగా కనిపించే తప్పులు. మోకాలు రెండో వేలి దిశలోనే వంగాలి, వీపు గోడకు ఆనించి జారినట్టు దిగాలి. పాదాలను బయటికి తిప్పడం తుంటి కీలు నుంచి రావాలి. చిత్రాల్లో చూసినట్టు పాదాలు ఒకే గీతగా పెట్టాలని పిల్లలు చూస్తారు, తుంటి తిరగనంత మేర మోకాలూ చీలమండా మెలిపడతాయి. ఈ వయసులో గడియారం ముళ్లు పది, రెండు చూపినంత కోణం చాలు, అది కూడా రాని పిల్లలకు సమాంతర పాదాలే సరైన స్థానం. మునివేళ్ల మీద నిలబడి ఆడే బ్యాలే బూట్ల ఊసే వద్దు. పాదాల ఎముకలు ఇంకా గట్టిపడే వయసది, ఏళ్ల సాధనతో చీలమండలకు బలం వచ్చాకే వాటి సంగతి.

ఇక పాఠ్యాంశాలతో ముడిపెట్టడం. వాన నీటి చక్రం చెప్పడానికి పిల్లల్ని చినుకుల్లా వేళ్లు ఆడించమంటే వాళ్లు విజ్ఞానమూ నేర్చుకోరు, నాట్యమూ నేర్చుకోరు. కదలికలోనే ఆ పాఠం ఉన్నచోటే ముడి నిలుస్తుంది. అర తిరుగుడు వేసి, పావు తిరుగుడు కలిపితే ఏ గోడకు ఎదురవుతామన్నది భిన్నాల కూడికే, జవాబు తప్పో ఒప్పో నిలబడ్డ దిక్కే చెబుతుంది. ఎనిమిది లెక్కలను ముగ్గురు పంచుకోవాలంటే మూడు, మూడు, రెండు అని చేసుకోవాలి, ఎవరికి రెండు రావాలో తేల్చుకోవాలి. ఎదురెదురుగా నిలబడి ఒకరు అద్దంలా అనుకరిస్తే సౌష్ఠవం కళ్లకు కడుతుంది. ఆ ఆటలో నడిపేవారు వేగంగా కదిలితే చెడిపోతుంది. చూసేవారికి ఎవరు నడుపుతున్నారో తెలియనంత నెమ్మదిగా సాగాలి. ఉపాధ్యాయులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: పిల్లలకు ఎదురుగా నిలబడి "కుడి చేయి" అన్నప్పుడు తాము ఎడమ చేయి ఎత్తాలి. ఈ ఒక్కటి మరిచిపోతే సగం తరగతి కుడి ఎడమలు తికమకపడుతుంది.

నాట్యం పెడితే మార్కులు పెరుగుతాయని వాదించే వారితో ఏకీభవించడం కష్టం. రేపు మార్కులు పెరగలేదంటే ఆ పాఠాన్ని తీసేయడానికి అదే సాకవుతుంది. ఒక కదలికల వరసను తానుగా కూర్చి, గుర్తుపెట్టుకుని, పక్కవాడితో కలిపి మళ్లీ చేయగలగడం చిన్న నేర్పు కాదు. అది చాలు.

కొన్ని ఆచరణ విషయాలు ముందే తేల్చుకోవాలి. గులాబీ రంగు గౌన్లతో మొదలుపెడితే మగపిల్లల్లో చాలామంది మొదటి రోజే తప్పుకుంటారు, మామూలు బట్టలే మంచిది. ఒళ్లు లావనీ సన్నమనీ ఒక్క మాట కూడా రాకూడదు. తాకి సరిదిద్దాలంటే అడిగి తాకాలి, మాటతో పని జరిగితే తాకనే వద్దు. "నడవండి" బదులు "ఇంకో చోటికి చేరండి" అంటే చక్రాల కుర్చీలో ఉన్న పిల్లకు కూడా ఆ సూచన వర్తిస్తుంది, తిరగడం, వేగం మార్చడం, ఎత్తు మార్చడం అన్నీ తన పద్ధతిలో చేయగలుగుతుంది.

ఎప్పుడో ఒకరోజు బయటి నర్తకిని పిలిపించి వేడుకలా చేయడం కన్నా, ఆమె మూడు నాలుగు సార్లు వచ్చి తరగతి ఉపాధ్యాయురాలితో కలిసి పాఠం నడపడం ఎక్కువ కాలం నిలుస్తుంది. నర్తకికి అడుగు తెలుసు, ఉపాధ్యాయురాలికి ఏ పిల్లవాడు ఎందుకు మూలన ఉన్నాడో తెలుసు. పదో వారం చివర చూడాల్సింది కాలు ఎంత ఎత్తు లేచిందన్నది కాదు. ఒక్కో పిల్ల తను కూర్చిన పదహారు లెక్కల వరసను రెండోసారి కూడా అలాగే చేయగలుగుతోందా, మొదలూ చివరా కదలకుండా నిలుస్తోందా, పక్కవారి వరసలో ఏం మారిందో ఒక్క మాటలో చెప్పగలుగుతోందా. సగం తరగతి ఆడుతుంటే మిగతా సగానికి చూడమని ఒకే ఒక్క ప్రశ్న ఇవ్వాలి: ఎక్కడ ఆగారు?