పోయిన సొత్తుల పద్దు

యుద్ధకాలంలో చట్టాన్ని ఎలా కాపాడుకోవాలో తెలియనివారు, ప్రస్తుతం మన తెలుగువారు కూడా ఎందరో నివసిస్తున్న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రపు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి వెళ్లి, 1800 నాటి పాత కోర్టు భవనాన్ని దర్శించుకోవలసి ఉంది. 1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ఉభయ సైన్యాలూ తమదే చట్టమని ప్రకటించుకుంటూ వంతులవారీగా దీనిని ఆక్రమించుకున్నాయి. చట్టానికి ఇంతకుమించిన గౌరవం ఏ కోర్టుకు దక్కింది?

1861 జూన్ 1 తెల్లవారుజామున ఈ కోర్టు సమీపంలో జరిగిన కాల్పులలో దక్షిణాది కెప్టెన్ జాన్ క్విన్సీ మార్ మరణించాడు. ఆ దాడి నడిపిన ఉత్తరాది లెఫ్టినెంట్ టాంప్కిన్స్‌కు పతకం 1893లోనూ, మార్‌కు కోర్టు ఆవరణలో స్మారకశిల 1904లోనూ దక్కాయి. 2020లో ఆ శిలను తొలగించారు. వాయిదాలు మన కోర్టుల సొత్తే అనుకునేవారు ఈ తేదీలు ఒకసారి చూడాలి.

1863 మార్చిలో దక్షిణాది దళనాయకుడు మోస్బీ, ఈ ఊళ్లో నిద్రపోతున్న స్టౌటన్ అనే బ్రిగేడియర్ జనరల్‌ను మంచం మీద నుంచి లేపి, గుర్రాలతో సహా పట్టుకుపోయాడు. జనరళ్లను ఎంతమందినైనా తయారుచేయగలను గాని గుర్రాలను చేయలేను కదా అని ఉత్తరాది పక్షపు అధ్యక్షుడు లింకన్ విచారించాడంటారు. యుద్ధంలో ఏది సొత్తో, ఏది కాదో ఆయనకు స్పష్టత ఉంది.

ఆ స్పష్టత కోర్టుకూ ఉంది. ఈ కోర్టులో ఉన్న అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ వీలునామాను యుద్ధారంభంలోనే దక్షిణాది రాజధాని రిచ్మండ్‌కు తరలించారు గాని, ఆయన సతీమణి మార్తా వీలునామా మాత్రం కోర్టులోనే ఉండిపోయింది. దానిని ఉత్తరాది సైనికాధికారి ఒకడు 1862లో తీసుకుపోగా, తరువాత అది చేతులు మారి కోటీశ్వరుడైన జె. పి. మోర్గన్ వద్దకు చేరింది. దొంగసొత్తు అమ్మకం చెల్లదని వర్జీనియా రాష్ట్రం సాక్షాత్తు సుప్రీంకోర్టు గడప తొక్కగా, తీర్పుతో పనిలేకుండానే 1915లో మోర్గన్ కుమారుడు దానిని తిరిగి ఇచ్చేశాడు. ఒక్క కాగితం కోసం అర్ధశతాబ్దం తరువాత కూడా పట్టువిడువని ఈ న్యాయనిష్ఠకు చేతులెత్తి నమస్కరించాలి.

ఇక ఆ కాగితంలో ఏముందో కూడా చదివితే మన భక్తి ఇంకా పెరుగుతుంది. తన వద్ద ఉన్న ఎలిష్ అనే బానిసను మనవడు కస్టిస్‌కు ఇస్తున్నట్లు మార్తమ్మగారు అనుబంధంలో రాయించారు. ఆ మనవడి అల్లుడే దక్షిణాది సేనాధిపతి రాబర్ట్ లీ. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం ఎలిష్ గురించి కాదు, అతన్ని ఒకరికి రాసిచ్చిన కాగితాన్ని ఎవరో పట్టుకుపోయినందుకు. ఆ కాగితం ఇప్పుడు ఫెయిర్‌ఫాక్స్ కోర్టు రికార్డులలో, భర్తగారి వీలునామాతోపాటు భద్రంగా ఉంది.