గువ్వ గూట్లో కూర్చునేది ఒక్క పక్షి కాదు

ఇంటి కిటికీ అంచున గానీ పూలకుండీలో గానీ గువ్వ గుడ్లు పెట్టిందని ఎవరైనా ఒక ఫొటో పంచుకుంటే చాలు, దాని కింద ఒకే సందేశం అక్షరం మారకుండా వచ్చి పడుతోంది. అందులో ఆరు మాటలున్నాయి. మనిషి చెయ్యి తగిలిన పిల్లను వాసన పట్టి తల్లి వదిలేస్తుందట. గువ్వకు గూడు కట్టడం రాదు కనుక గుడ్లను దూది పరిచిన పెట్టెలోకి మార్చాలట. తల్లి గంటల తరబడి రాకపోయినా, పిల్ల నేల మీద కనిపించినా అది దిక్కులేనిదే కనుక ఇంట్లోకి తెచ్చుకోవాలట. తెచ్చుకున్నాక పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టి నోట్లో నీళ్ళు పోయాలట. జంటలో ఒకటి చనిపోతే రెండోది తిండి మానేసి చనిపోతుందట. చివరిగా, రెట్టతో ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి కనుక గూడు కనిపించిన రోజే తీసేయాలట. మొదటి అయిదూ జాలితోనూ ఆరోది భయంతోనూ పుట్టినట్టున్నాయి. ఒకే మనిషి రాశారంటే నమ్మబుద్ధి కాదు.

మూడో మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే సందేశంలోని అసలు పొరపాటు అక్కడే బయటపడుతుంది. రాసినవారి లెక్కలో గూటికి ఒక్క తల్లే ఉంది. నిజానికి గువ్వలు వంతులు వేసుకుని పొదుగుతాయి: సాయంత్రం నుంచి మర్నాడు పొద్దెక్కేదాకా ఆడది, పగటి వేళ ఎక్కువ భాగం మగది. రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి కనుక పక్షి మారిన సంగతి మనకు తెలియదు. మా వంటింటి కిటికీలో గూడున్నప్పుడు ఆ మార్పిడిని చాలాసార్లు గమనించాను. వచ్చినది ఊచ మీద వాలి, తల ఆడిస్తూ, గూటి దాకా నడిచి వస్తుంది. కూర్చున్నది తొందరపడకుండా లేచి రెండో వైపు నుంచి తప్పుకుంటుంది. కొత్తది పొట్ట కింది ఈకలను విప్పి, అటూ ఇటూ కదిలి, గుడ్లను కిందికి సర్దుకుని కూర్చుంటుంది. గుడ్లు బయట కనబడేది కొన్ని క్షణాలే.

గుడ్లు చిట్లిన తర్వాత మొదటి వారం దాకా పిల్లల మీద ఏదో ఒక పక్షి కూర్చునే ఉంటుంది. ఆ పైన ఈకలు మొలిచి ఒంటి వేడిని పిల్లలు తామే నిలుపుకోగలిగినప్పుడు, పెద్దవి పగలు మేతకు వెళ్ళి, తినిపించడానికి మాత్రమే వచ్చిపోతాయి. సందేశం చెప్పే ‘గంటల తరబడి రాని తల్లి’ చాలాసార్లు ఈ దశలోని గువ్వే. దాదాపు రెండు వారాల వయసులో పిల్లలు గూడు దిగుతాయి, అప్పటికి తోక పొట్టిగానే ఉంటుంది, ఎగరడం సరిగ్గా రాదు. అలా కింద కూర్చున్న పిల్లకు కొన్నాళ్ళ పాటు తినిపించే పని ఎక్కువగా తండ్రిదే, ఎందుకంటే తల్లి ఈలోగా మరో విడత గుడ్ల మీద కూర్చుని ఉండవచ్చు. ఒంటి నిండా ఈకలుండి, కాళ్ళ మీద నిలబడి, మనల్ని చూసి వెనక్కి జరిగే పిల్లను ఇంట్లోకి తేవడం అంటే దాని తండ్రి నుంచి ఎత్తుకుపోవడమే. దూరంగా వెళ్ళి చూడాలి. మనం పక్కనే నిలబడి ఉంటే పెద్దది రాదు. పిల్లి తిరిగే చోటయితే దగ్గరి పొద మీదికో గోడ మీదికో మారిస్తే సరిపోతుంది. ఈకలు రాని పిల్ల కింద పడితే తిరిగి గూట్లో పెట్టాలి. రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా, పిల్లి పన్ను దిగిందన్న అనుమానం ఉన్నా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి, ఎందుకంటే పిల్లి నోటిలోని సూక్ష్మక్రిములు చిన్న గాటు ద్వారానే ప్రాణం తీయగలవు. అయితే గూటి దగ్గరికి మనం వెళ్ళగానే పెద్ద పక్షి రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోతే దాన్ని పట్టుకోబోకండి. మన చూపును పిల్లల మీది నుంచి మళ్ళించడానికి కొన్ని గువ్వలు వేసే నాటకం అది.

ఇప్పుడు చెయ్యి తగిలిన పిల్ల సంగతి. తల్లి వదలదు. కానీ దీన్ని ఖండించేవారు చెప్పే ‘పక్షులకు వాసనే తెలియదు’ అన్న కారణం కూడా తప్పే. గువ్వల కుటుంబానికే చెందిన పావురాలు దారి తెలుసుకోవడానికి వాసనను వాడుకుంటాయని ఇటలీ శాస్త్రవేత్త ఫ్లోరియానో పాపీ, ఆయన సహచరులు 1970ల తొలినాళ్ళ నుంచే ప్రయోగాలతో చూపుతూ వచ్చారు. పిల్లను వదలకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో డేనియల్ లెర్మన్ మెడపట్టీ గువ్వల మీద 1950, 60లలో చేసిన పరిశోధనల్లో, ఒంటరి గువ్వ ముందు గూడూ గుడ్లూ పెడితే అది పొదగడానికి కూర్చోలేదు. జంటగా ఉండి, కూతలు కూసుకుంటూ, పుల్లలు పేర్చుకుంటూ దాదాపు వారం గడిపిన తర్వాతనే కూర్చుంది. అంటే గుడ్ల మీద మమకారం గుడ్లను చూడగానే పుట్టేది కాదు, ఒంట్లోని హార్మోన్లు రోజురోజుకూ మారుతూ పెంచేది. పిల్లలు వచ్చేనాటికి అది గట్టిపడి ఉంటుంది కనుక మన వేలి వాసనకు చెదిరిపోదు. ఇదే సంగతికి రెండో వైపు కూడా ఉంది, సందేశంలోని రవ్వంత నిజం అక్కడే దాగింది: గూడు కట్టే రోజుల్లో, గుడ్లు పెట్టిన తొలి రోజుల్లో పదేపదే కదిలిస్తే గువ్వ ఆ చోటును నిజంగానే విడిచిపోతుంది. కనుక జాగ్రత్త పడవలసింది తాకడం గురించి కన్నా, ఫొటో కోసం ముఖం మీదికి ఫోను తీసుకెళ్ళడం గురించి. బెదిరి ఒక్కసారిగా ఎగిరిన గువ్వ కాళ్ళకు తగిలి గుడ్డు దొర్లిపోవచ్చు.

గూడు కట్టడం రాదనే మాట వినడానికి సరదాగా ఉంటుంది, నేనూ కొన్నాళ్ళు నమ్మాను. కింది నుంచి చూస్తే గుడ్డు కనబడేంత పలచగా ఉంటుంది మరి. కానీ కట్టే తీరు చూస్తే అభిప్రాయం మారుతుంది. మగది ఒక్కో పుల్లా ఏరి తెస్తుంది, ఆడది కూర్చున్న చోటనే దాన్ని అందుకుని తన చుట్టూ దోపుకుంటుంది. గువ్వలు పిల్లల రెట్టను బయట పారేయవు; అది గూటి అంచున గట్టిపడి పుల్లలను అతికిస్తుంది కనుక పిల్లలు బరువెక్కేనాటికి గూడూ బిగుసుకుంటుంది. దూది పరిచిన పెట్టెలో ఈ వెసులుబాటు లేదు. తడి నిలుస్తుంది, పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకుంటాయి, పెట్టె లోతుగా ఉంటే పెద్దది దిగడానికి జంకుతుంది. అన్నిటికీ మించి, గువ్వ గూడున్న చోటును పట్టుకుని వస్తుంది గానీ మార్చిన గుడ్లను వెతుక్కుంటూ రాదు. గూడు నిజంగానే ఊడిపడితే, నీళ్ళు కారిపోయే లోతులేని బుట్టలో ఆ పాత పుల్లలనే సర్ది, అదే చోట కట్టి పక్కకు తప్పుకోవాలి.

ఈ సందేశం వల్ల పిల్లలు చనిపోయేది మాత్రం నాలుగో మాట దగ్గరే. గువ్వ పిల్ల మొదటి రోజుల్లో తాగేది పాలే, అయితే అవి ఆవు పాల వంటివి కావు. పెద్దవాటి గొంతు కింద మేత నిలువ ఉంచే సంచి ఒకటి ఉంటుంది. దాని లోపలి పొర మందమై, కొవ్వూ మాంసకృత్తులూ నిండిన కణాలు రాలి, విరిగిన పాలవంటి ముద్దగా తయారవుతుంది. ఇది తల్లికి ఎంతో తండ్రికీ అంతే. దీన్ని నడిపించే హార్మోను ప్రొలాక్టిన్, క్షీరదాల్లో పాలు ఊరేలా చేసేదీ అదే. 1933లో అమెరికా శాస్త్రవేత్త ఆస్కార్ రిడిల్ బృందం ఆ హార్మోనును గుర్తించి పేరు పెట్టినప్పుడు దాని మోతాదును కొలిచింది పావురం గొంతుసంచి ఎంత పెరిగిందో చూసే. గువ్వ పాలలో పశువుల పాలలోని లాక్టోజు అనే చక్కెర ఉండదు, దాన్ని అరిగించుకునే శక్తి పిల్లకూ ఉండదు. పాలూ బ్రెడ్డూ కడుపులో పులిసి విరేచనాలు పట్టుకుంటాయి.

తినే తీరు కూడా వేరు. పిచ్చుక పిల్లలా ఇది నోరు తెరిచి అడగదు, తన ముక్కును పెద్దదాని నోట్లోకి దూర్చి తీసుకుంటుంది. కనుక నోరు పెగల్చి నీళ్ళు పోస్తే, నాలుక వెనకే ఉండే శ్వాసనాళపు రంధ్రం గుండా అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఇంకొకటి, చల్లబడిన పిల్లకు ఏమి పెట్టినా గొంతుసంచి కదలదు, మేత అక్కడే కుళ్ళుతుంది. గూడూ పెద్దవీ లేవని నిర్ధారణ అయినప్పుడు మొదట చేయవలసింది గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసా పక్కన పెట్టి వెచ్చబరచడం, తర్వాత పక్షులను సాకడం తెలిసినవారికి అప్పగించడం.

జంట విషయం చిన్నది. ఒకటి పోతే రెండోది ఆ గుడ్లను వదిలేయడం సహజం, ఎందుకంటే ఒక్క పక్షి పొదుగుతూనే మేత కూడా తెచ్చుకోలేదు. పిల్లలు పెద్దవయితే మిగిలినది ఒక్కటే పెంచుకురావడమూ ఉంది. ఆ తర్వాత అది మరో జత కట్టుకుంటుంది.

ఆరో మాటలో నిజం ఉంది కనుక దాన్ని కొట్టిపారేయను. ఎండిన రెట్ట దుమ్ములో సిటకోసిస్, క్రిప్టోకాకోసిస్ అనే, ఊపిరితిత్తులకు సోకే వ్యాధుల క్రిములు ఉండవచ్చు. ఏళ్ళ తరబడి పదుల కొద్దీ పావురాలను సాకేవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కూడా కల్పన కాదు. కానీ కిటికీ బయట నెల రోజులుండే ఒక్క గూడును ఆ లెక్కలో కట్టడం అన్యాయం. రోగనిరోధకశక్తి తక్కువైనవారు, ఉబ్బసం ఉన్నవారు కిటికీ మూసి, శుభ్రం చేసే పని మరొకరికి వదలాలి. మిగిలినవారు మాస్కు, గ్లౌజులు వేసుకుని రెట్టను తడిపి తుడవాలి, పొడిగా ఊడవకూడదు.

గూడు వద్దనుకోవడం తప్పేమీ కాదు, నాకూ కొన్ని చోట్ల అక్కర్లేదు. దానికి వేళ మొదటి రెండు మూడు పుల్లలు పడిన రోజు. అప్పుడు తీసేస్తే అవి మరో చోటు చూసుకుంటాయి. గుడ్డు పడిన తర్వాత పొదగడానికి రెండు వారాలు, పిల్లలు దిగడానికి మరో రెండు వారాలు ఓపిక పట్టడమే దారి. పిల్లలు దిగిపోయాక మాత్రం ఆలస్యం చేయకండి. మా కిటికీలో నేను ఆదివారం చూసుకుందాంలే అని వదిలేసిన గూట్లో, అదే రెట్ట అంచు మీద శుక్రవారానికే మరో తెల్లటి గుడ్డు కనబడింది.