నాలుగు గేర్లు, 4.10 ఇరుసు ఉంటేనే మజిల్ కారా?

1960ల నాటి అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ బిగించిన వేగవంతమైన కార్ల) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఒక మాట చేతులు మారుతూ ఉంటుంది. అసలైన మజిల్ కారుకు నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ ఉండి తీరాలని, అదీ క్లోజ్ రేషియోది (గేర్ల నిష్పత్తులు దగ్గరదగ్గరగా ఉన్నది) అయి ఉండాలని, ఆటోమేటిక్ ఉన్న కారు నెమ్మదైనదని, వెనక ఇరుసు అంకె (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇరుసును తిప్పే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే 4.10 లాంటి సంఖ్య) ఎంత పెద్దదైతే కారు అంత వేగంగా పోతుందని, ఇప్పుడు ఓవర్‌డ్రైవ్ (హైవేలో ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే అదనపు పై గేరు) బిగిస్తే ఏ ఇరుసైనా హైవేకు పనికొస్తుందని ఆ మాట సారాంశం. వీటిలో ఒక్కటి కూడా చెప్పినంత సూటిగా నిలబడదు.

నాలుగు గేర్ల సంగతి త్వరగా తేలిపోతుంది. ఈ తరం కార్లకు ఆద్యురాలిగా చాలామంది లెక్కించే 1964 పాంటియాక్ జీటీవోకు కంపెనీ మామూలుగా ఇచ్చింది మూడు గేర్ల మాన్యువల్. నాలుగు గేర్లది కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. 1970 షెవెల్ ఎల్ఎస్6 కొన్నవారికి ఎం22 అనే నాలుగు గేర్ల మాన్యువల్‌తో పాటు టర్బో హైడ్రామాటిక్ 400 ఆటోమేటిక్ కూడా అందుబాటులో ఉండేది. 1969 వరకు కమారో జెడ్/28, మస్టాంగ్ బాస్ 302 మాన్యువల్‌తో మాత్రమే వచ్చిన మాట నిజమే కానీ, వాటి 302 ఘనపు అంగుళాల ఇంజిన్లు పెద్ద ఆర్‌పీఎం దగ్గరే బలం చూపేవి కావడం వల్ల ఆ నియమం ఏర్పడింది. దాన్ని 400 ఘనపు అంగుళాలు దాటిన ఇంజిన్లకు అంటగట్టడం సరికాదు.

ఆటోమేటిక్ నెమ్మది అన్న అభిప్రాయం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. తొలి జీటీవోలలోని ఆటోమేటిక్‌కు రెండే గేర్లు; షెవ్రొలే పవర్‌గ్లైడ్ కూడా అంతే. రెండు గేర్ల మధ్య అంత ఖాళీ ఉన్నప్పుడు మాన్యువల్ ముందుండటంలో వింత లేదు. అయితే 1962లో క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్ 727, 1964లో జనరల్ మోటార్స్ టర్బో 400, 1966లో ఫోర్డ్ సీ6 వచ్చాక పరిస్థితి మారింది. ఈ మూడింటికీ మూడేసి గేర్లు, మొదటి గేరు నిష్పత్తి (గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా ఇంజిన్ తిరిగే చుట్లు) 2.45కు కాస్త అటూ ఇటూ. విమర్శకులు వదిలేసేది టార్క్ కన్వర్టర్‌ను, అంటే ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు నూనె ద్వారా ఇంజిన్ బలాన్ని అందించే భాగాన్ని. కారు కదలబోయే క్షణంలో అది ఇంజిన్ టార్క్‌ను (తిప్పే బలాన్ని) సుమారు రెండింతలు చేస్తుంది. టర్బో 400 మొదటి గేరు 2.48ని 3.31 ఇరుసుతో గుణిస్తే 8.2 వస్తుంది, కన్వర్టర్ దాన్ని ఆ కొద్ది క్షణాలు 16 దాకా తీసుకుపోతుంది. క్లచ్‌కు ఈ శక్తి లేదు. వేగం పెరిగేకొద్దీ ఈ లాభం తగ్గిపోతుందని, కన్వర్టర్ జారుడులో కొంత బలం వృథా అవుతుందని, మంచి టైర్లు, నేర్పరి డ్రైవరు ఉంటే మాన్యువల్ గెలవగలదని ఒప్పుకోవాలి. కానీ ఆ కాలపు సన్నని బయాస్ ప్లై టైర్ల మీద సామాన్య డ్రైవరు క్లచ్ వదిలితే వచ్చేది ఎక్కువగా పొగే.

తయారీదారులకు ఈ తేడా బాగా తెలుసు. 1968–69 ప్లిమత్ రోడ్‌రన్నర్‌లో హెమీ అనే పెద్ద ఇంజిన్‌కు నాలుగు గేర్ల మాన్యువల్ తీసుకుంటే బరువైన డానా 60 ఇరుసును 3.54తో ఇచ్చేవారు, ఆటోమేటిక్ తీసుకుంటే తేలికైన ఇరుసు, 3.23 సరిపోయేవి. క్లచ్ ఒక్కసారిగా పట్టుకున్నప్పటి దెబ్బ పళ్లను విరగ్గొడుతుంది, కన్వర్టర్‌లోని నూనె ఆ దెబ్బను మింగేస్తుంది. డ్రాగ్ రేసు (పావు మైలు సూటి పందెం) కోసమే 1968లో హర్స్ట్ సంస్థ కూర్చిన హెమీ డార్ట్, బారకూడాలను కూడా రెండు రకాల గేర్‌బాక్స్‌లతోనూ అమ్మారు.

ఇక క్లోజ్ రేషియో. ప్రతి గేరు మార్పులోనూ ఆర్‌పీఎం తక్కువ పడిపోతుంది కాబట్టి జనరల్ మోటార్స్ మన్సీ గేర్‌బాక్స్‌లలో మామూలు ఎం20 కన్నా క్లోజ్ రేషియో ఎం21 వేగవంతమైనదని అంటారు. కాగితం మీద లెక్క వేసి చూస్తే చాలు. 1966 నుంచి వచ్చిన ఎం20 నిష్పత్తులు 2.52, 1.88, 1.46, 1.00; ఎం21వి 2.20, 1.64, 1.27, 1.00. రెండింటిలోనూ 5,500 ఆర్‌పీఎం దగ్గర గేరు మారుద్దాం. మొదటి నుంచి రెండుకు మారితే రెండూ సుమారు 4,100కే దిగుతాయి. రెండు నుంచి మూడుకు మారినా రెండూ 4,260–4,270 దగ్గరే ఆగుతాయి. తేడా కనిపించేది చివరి మార్పులోనే: ఎం20 దాదాపు 3,770కి పడిపోతుంది, ఎం21 మాత్రం 4,330 దగ్గర నిలుస్తుంది. పేరులోని ‘క్లోజ్’ అంతా ఆ ఒక్క అంతరంలోనే ఉంది. దానికి చెల్లించే మూల్యం బలహీనమైన మొదటి గేరు. 3.55 ఇరుసుతో ఎం20 మొదటి గేరు మొత్తం నిష్పత్తి 8.95, 4.10తో ఎం21ది 9.02. బయలుదేరే ఊపు ఇంచుమించు ఒకటే అయినప్పుడు, నిత్యం రోడ్డు మీద తిరిగే కారుకు నేనైతే మొదటి జతనే ఎంచుకుంటాను. అదే ఎం21ను 3.08 ఇరుసుకు జతచేస్తే వచ్చేది 6.78, ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ ప్లేటు కాలుతుంది. రాక్ క్రషర్ అని పేరుమోసిన ఎం22 నిష్పత్తులు అచ్చంగా ఎం21వే. పళ్ల వాలు తగ్గించడం వల్ల అది ఎక్కువ టార్క్‌ను తట్టుకుంటుంది, ఎక్కువ చప్పుడు చేస్తుంది, అంతేగానీ కారు వేగాన్ని పెంచదు. అమ్మేవారి మాట నమ్మేముందు ఇన్‌పుట్ షాఫ్ట్ చూడటం మంచిది: ఆ రోజుల బాక్సుల్లో ఎం20కి రెండు గాట్లు, ఎం21కి ఒకటి, ఎం22కి ఏమీ ఉండవు.

ఇరుసు అంకె విషయంలో మరచిపోయేది గమ్యం. 4.10 అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.10 చుట్లు తిరగాలని అర్థం. 26.5 అంగుళాల ఎత్తున్న టైరుతో, 5,500 ఆర్‌పీఎం దగ్గర, నేరు గేరులో (నిష్పత్తి 1.00) ఇది గంటకు సుమారు 170 కిలోమీటర్లకు చేరుతుంది. ఆనాటి మంచి కార్లు పావు మైలు గీతను గంటకు 160 కిలోమీటర్ల ప్రాంతంలో దాటేవి కాబట్టి 4.10 ఆ పందేనికి కొలిచినట్టు సరిపోయింది. పందెం ముగిశాక అదే కారు హైవే మీద గంటకు 113 కిలోమీటర్లకు 3,640 ఆర్‌పీఎంతో అరుస్తుంది, 3.08తో అయితే 2,730 చాలు. నాలుగు గేర్లు ఉన్నాయి కదా అని ఊరట పడటానికీ లేదు. మామూలు మన్సీ, ఫోర్డ్ టాప్‌లోడర్, టర్బో 400, టార్క్‌ఫ్లైట్ దేని పై గేరు చూసినా 1.00 మాత్రమే. హైవే ఆర్‌పీఎంను తేల్చేది ఇరుసూ టైరే.

ఓవర్‌డ్రైవ్ మీద నాకు అభ్యంతరం లేదు. 4.10 ఉన్న కారుకు పై గేరు నిష్పత్తి 0.70 గల 700ఆర్4 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బిగిస్తే హైవేలో ఇరుసు 2.87లా ప్రవర్తిస్తుంది, పైగా దాని మొదటి గేరు 3.06. కానీ అదే బాక్సును 3.08 ఇరుసు మీద పెడితే ఫలితం 2.16, అంటే గంటకు 113 కిలోమీటర్ల దగ్గర సుమారు 1,900 ఆర్‌పీఎం. పెద్ద క్యామ్‌షాఫ్ట్ (కవాటాలను తెరిచే షాఫ్ట్) వేసిన పాత ఇంజిన్ ఆ ఆర్‌పీఎం దగ్గర వణుకుతుంది, కొద్దిపాటి ఎత్తు వచ్చినా గేరు దించాల్సి వస్తుంది. కాబట్టి గేర్‌బాక్స్ కొనేముందు ఇరుసు మూత విప్పించి, క్రౌన్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) పళ్ల సంఖ్యను పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పళ్ల సంఖ్యతో భాగించి చూసుకోవాలి.